నష్టపరిహార కమిషనర్లకు బహిరంగ లేఖ: హైకోర్టులో నిలిచే ఉత్తర్వు రాయండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల్లో ఉద్యోగుల నష్టపరిహార కమిషనర్లుగా బాధ్యతలు నిర్వహిస్తున్న కార్మిక శాఖ డిప్యూటీ కమిషనర్లకు, అసిస్టెంట్ కమిషనర్లకు,

నమస్కారం. పనిలో గాయపడిన కార్మికులకు 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద మీరిచ్చే ఉత్తర్వుల గురించి ఈ లేఖ. వేరే చట్టం పేరు చెప్పని చోటల్లా ఇక్కడి సెక్షన్లు ఆ చట్టానివే; 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ రాకముందు జరిగిన ప్రమాదాలకు అవి వర్తిస్తాయి.

ఒక ట్యాంకర్ డ్రైవరుకు ప్రమాదంలో కుడికాలు మోకాలి దాకా తీసేశారు. అతని సంపాదన శక్తి నూటికి నూరు శాతం పోయిందని నష్టపరిహార కమిషనర్ తేల్చారు. బీమా కంపెనీ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. చట్టంలోని మొదటి షెడ్యూలు ప్రకారం కాలు పోతే 60 శాతం, డాక్టరు చెప్పింది 65 శాతం, కాబట్టి 65 శాతానికే పరిహారం అని హైకోర్టు తగ్గించింది. 2008 మేలో సుప్రీంకోర్టు ఆ తగ్గింపును కొట్టేసి కమిషనర్ లెక్కనే నిలబెట్టింది. అతను చేసే పని డ్రైవింగు. కాలు లేకుండా ఆ పని చేయలేడు. లైసెన్సు కూడా రాదు. ఆ తీర్పు సారాంశం ఇంతే.

దానికి ఆధారం 1975 డిసెంబరులో నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు. ఒరిస్సాలో ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ కిందపడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసు అది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక అతనిది శాశ్వత పూర్తి వైకల్యమేనని కోర్టు అంది. పరిహారం చెల్లించాల్సిన బాధ్యత గాయం తగిలిన రోజే పుడుతుందని, కమిషనర్ తీర్పు చెప్పిన రోజున కాదని కూడా ఆ తీర్పులోనే తేల్చింది. ఈ రెండు సూత్రాలకూ ఇప్పుడు యాభై ఏళ్లు. అయినా మీ ఉత్తర్వుల మీద హైకోర్టులో వేసే అప్పీళ్లలో (సీఎంఏల్లో) వాదన ఇంకా వీటి చుట్టూనే తిరుగుతోంది.

30వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లాలంటే గణనీయమైన న్యాయ ప్రశ్న ఉండాలి. వాస్తవాల మీద చివరి మాట కమిషనర్‌దేనని 2016 నవంబరులో, కర్ణాటక హైకోర్టు నుంచే వచ్చిన మరో అప్పీలులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చట్టం మీకు ఇంత బలం ఇచ్చింది. కానీ వాస్తవం తేల్చినట్టు ఉత్తర్వులో కనిపించకపోతే ఆ బలం పనికిరాదు. ‘సాక్ష్యాధారాలన్నీ పరిశీలించి వైకల్యాన్ని 50 శాతంగా నిర్ణయించడమైనది’ అన్న ఒక్క వాక్యం అప్పీలులో నిలవదు. 50 ఎక్కణ్నుంచి వచ్చిందని అవతలి న్యాయవాది అడిగితే కార్మికుడి తరఫున చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండదు. కారణాలు లేని ఉత్తర్వే న్యాయ ప్రశ్న అవుతుంది. అక్కణ్నుంచి కేసు వెనక్కి రావడమో, శాతం సగానికి పడిపోవడమో జరుగుతుంది.

కాబట్టి ముందుగా వైకల్యం సంగతి. ఇక్కడ మూడు వేర్వేరు శాతాలు కలిసిపోతున్నాయి. సదరం క్యాంపులో ఇచ్చే సర్టిఫికెట్టులోది శారీరక వైకల్య శాతం. పింఛనుకు, బస్సు పాసుకు, రిజర్వేషన్లకు అది కొలమానం. చికిత్స చేసిన ఎముకల డాక్టరు రాసేది చాలాసార్లు ఆ ఒక్క అవయవం తాలూకు శాతం. చట్టం అడిగేది ఈ రెండూ కాదు, సంపాదన శక్తి ఎంత పోయిందని. సదరం సర్టిఫికెట్టులో 40 ఉంది కాబట్టి 40 అనడం, లేదా కాలికి 45 శాతం కాబట్టి మొత్తం ఒంటికి 15 అని భాగించడం, రెండూ తప్పే. అవయవం శాతం, ఒంటి మొత్తం శాతం, సంపాదన మీద దాని ప్రభావం వేర్వేరని 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక మోటారు వాహన కేసులో వివరంగా చెప్పింది. ఆ పద్ధతి మీకూ పనికొస్తుంది: గాయం తర్వాత అతను ఏ పనులు చేయగలడు, ఏవి చేయలేడు; గాయానికి ముందు అతని వృత్తి, వయసు ఏమిటి; ఆ వృత్తి పూర్తిగా పోయిందా, కొంత మిగిలిందా, వేరే పని చేసుకోగలడా.

షెడ్యూలులో ఉన్న గాయమైతే అందులోని శాతానికి తగ్గడానికి వీల్లేదు. వృత్తిని బట్టి అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చని మొదట చెప్పిన డ్రైవరు, వడ్రంగి తీర్పులు రెండూ చెబుతున్నాయి. షెడ్యూలులో లేని గాయమైతే, అంటే తొడ ఎముక విరిగి రాడ్డు వేయడం, వెన్నుపూస గాయం, తలకు దెబ్బ లాంటివైతే, అర్హతగల డాక్టరు అంచనా తప్పనిసరి. అది లేకుండా కమిషనర్ సొంతంగా శాతం వేస్తే ఉత్తర్వు కచ్చితంగా పడిపోతుంది. డాక్టరును పిలిపించినప్పుడు ‘శాతం ఎంత’ అని అడిగి వదిలేయకండి. బరువెంత ఎత్తగలడు, ఎంతసేపు నిలబడగలడు, గొంతుక్కూర్చోగలడా, నిచ్చెనెక్కగలడా, పిడికిలి బిగుస్తుందా, క్లచ్చు తొక్కగలడా అని అడిగి జవాబులు వాంగ్మూలంలో రాయించండి. డ్రైవరైతే మరో సులువైన దారి ఉంది. రవాణా వాహనం లైసెన్సు రెన్యువల్‌కు ఫారం 1ఏ మీద వైద్య ధ్రువపత్రం కావాలి. అది దొరకదని డాక్టరు చెబితే, లేదా రవాణా శాఖ తిరస్కరించిన కాగితం ఉంటే, నూరు శాతానికి అంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

వేళ్లు తెగిన కేసుల్లో ఇంకో సూక్ష్మం ఉంది. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి షెడ్లలో లోహపు రేకులు నొక్కి కోసే యంత్రం (పవర్ ప్రెస్సు) మీద పనిచేసేవాళ్లకు మామూలుగా జరిగేది ఇదే. చూపుడు వేలు మొత్తం పోతే షెడ్యూలు ప్రకారం 14 శాతం, రెండు కణుపులు పోతే 11, ఒక కణుపు పోతే 9, ఎముక పోకుండా కొస తెగితే 5. డిశ్చార్జి సమ్మరీలో ‘కుడి చూపుడు వేలికి గాయం, కత్తిరింపు’ అని మాత్రమే ఉంటే బీమా కంపెనీ 9 అంటుంది, దానికి ఎదురు చెప్పడానికి ఆధారం ఉండదు. పాతికేళ్లవాడు, జీతం 14,000 రూపాయలు అనుకోండి. జీతంలో 60 శాతం 8,400. ఆ వయసుకు నాలుగో షెడ్యూలు గుణకం 216.91. రెండూ గుణిస్తే 18,22,044. అందులో 14 శాతం 2,55,086 రూపాయలు, 9 శాతం 1,63,984 రూపాయలు. ఒక్క ఎక్స్‌రే ఫిల్ము లేకపోవడం వల్ల తొంభై ఒక్క వేల రూపాయలు తేడా వస్తుంది. దరఖాస్తు తీసుకునే రోజే చేతి ఎక్స్‌రే, ఎన్ని కణుపులు పోయాయో రాసిన సర్టిఫికెట్టు అడగమని మీ సిబ్బందికి చెప్పండి. కుడిచేతి నాలుగు వేళ్లూ పోయినవాడికి షెడ్యూలు 50 శాతం అంటుంది. కానీ ప్రెస్సు నడపడం తప్ప మరో పని రానివాడికి ఆ యాభై దగ్గరే ఆగిపోవాల్సిన పని లేదు.

ప్రెస్సు ప్రమాదాల్లో యజమాని మొదట అనే మాట ‘వాడి తప్పే’ అని. ఈ చట్టంలో కార్మికుడి అజాగ్రత్త పరిహారానికి అడ్డు కాదు. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ఉల్లంఘించడం, యంత్రానికి బిగించిన రక్షణ తొడుగును (గార్డును) కావాలని తీసేయడం మాత్రమే అడ్డు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం జరిగినప్పుడు అవీ అడ్డు కావు. గార్డు ఎవరు తీయించారన్నది అడగకుండా ఈ వాదనను ఒప్పుకోకండి. ఉత్పత్తి లెక్క కోసం రెండు చేతుల బటన్‌ను ఒక చేతి పెడలుగా మార్పించి, ప్రమాదం జరిగాక ఆ మార్పును కార్మికుడి మీద నెట్టడం మెకానిక్‌ను అడిగితే బయటపడే విషయమే. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ నివేదికను తెప్పించుకునే అధికారం మీకుంది.

రెండో విషయం కార్మికుడు మీ గుమ్మం ఎక్కక ముందే తేలాల్సింది: అతనిది ఏ చట్టం. ఒకసారి దారి ఎంచుకున్నాక వెనక్కి రావడం కుదరని వ్యవహారం ఇది. మీ దగ్గరికి రావడం కాక మరో మూడు దారులున్నాయి, వాటి ఫలితాలకూ పోలికే లేదు.

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, పనిచేసే సంస్థ ఉద్యోగుల రాష్ట్ర బీమా (ఈఎస్ఐ) కిందికి వస్తే అతను ఈఎస్ఐకే వెళ్లాలి. కోడ్‌కు ముందున్న ఈఎస్ఐ చట్టంలోని 53వ సెక్షన్ మీ దగ్గర దావా వేయడాన్నీ, యజమాని మీద సివిల్ దావానూ అడ్డుకుంటుంది. పనిలో గాయానికి ఇన్ని రోజుల చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజు గాయపడినా అర్హుడే. యజమాని చందా కట్టకపోయినా ఆ తప్పు కార్మికుడి మీద పడదు. ఈఎస్ఐ సంస్థ ప్రయోజనం చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. తాత్కాలిక వైకల్యానికి సగటు దినవేతనంలో 90 శాతం. శాశ్వత వైకల్యమైతే మెడికల్ బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి జీవితాంతం నెలవారీ చెల్లింపు. రోజుకు 600 రూపాయల వేతనం ఉన్నవాడికి 60 శాతం వైకల్యమైతే 600లో 90 శాతం 540, అందులో 60 శాతం 324. అంటే రోజుకు 324 రూపాయలు, బతికినంత కాలం. చాలామందికి ఇది ఒకేసారి వచ్చే మొత్తం కంటే మేలు. కానీ జరుగుతున్నదేమిటి? కార్మికుడికి తన బీమా నంబరు ఉందో లేదో తెలియక మీ దగ్గర దరఖాస్తు వేస్తాడు. రెండేళ్లు వాయిదాలు నడిచాక యజమాని వచ్చి ఈఎస్ఐ కార్డు చూపిస్తాడు. దరఖాస్తు కొట్టేస్తారు. ప్రయోజనం కోసం దావా పెట్టడానికి ఈఎస్ఐ చట్టంలో ఉన్న పన్నెండు నెలల గడువు అప్పటికి దాటిపోయి ఉంటుంది. అందుకే దరఖాస్తు నమోదు చేసే ముందు ఒక పేజీ ప్రశ్నావళి పెట్టండి: జీతం ఎంత, జీతం స్లిప్పులో 0.75 శాతం కోత ఉందా, సంస్థలో పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్నారా, ఆధార్‌తో వెతికితే ఈఎస్ఐ నంబరు వస్తోందా. పది నిమిషాల పని. నంబరు ప్రమాదం జరిగిన తర్వాతి తేదీతో పుట్టి ఉంటే అది కూడా ఫైల్లో రాయండి. ప్రమాదం జరిగాక ఆదరాబాదరా నమోదు చేయడం ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే.

మోటారు వాహనం వల్ల గాయమైతే, మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కైనా వెళ్లొచ్చు, మీ దగ్గరికైనా రావచ్చు, రెండు చోట్లా కుదరదు. ఈ ఎంపిక ఒక్కసారేనని 2005 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ముప్పై ఏళ్ల లారీ క్లీనరు, జీతం 22,000, సంపాదన శక్తిలో సగం పోయిందనుకుందాం. మీ దగ్గర జీతం 15,000 దాటి లెక్కించడానికి వీల్లేదు. 2020 జనవరి 3 నోటిఫికేషన్ పరిమితి అది. 15,000లో 60 శాతం 9,000. దాన్ని ముప్పై ఏళ్ల గుణకం 207.98తో హెచ్చిస్తే 18,71,820. అందులో సగం 9,35,910 రూపాయలు. అదే మనిషి ట్రిబ్యునల్‌కు వెళితే జీతానికి పరిమితి లేదు. భవిష్యత్తు ఆదాయం పెరుగుదల కింద 40 శాతం కలిపితే 30,800. ఏడాదికి 3,69,600. ఆ వయసుకు గుణకం 17. మొత్తం 62,83,200లో సగం 31,41,600 రూపాయలు. నొప్పి, బాధ, ముందు ముందు చేయించుకోవాల్సిన ఆపరేషన్ల ఖర్చు అదనం.

అయితే ట్రిబ్యునల్‌లో అవతలివాడి నిర్లక్ష్యం రుజువు కావాలి. తనే నిద్రమత్తులో ఆగి ఉన్న లారీని గుద్దిన డ్రైవరుకు అక్కడ దక్కేది ఉండదు. మీ దగ్గర మాత్రం అతనికి పూర్తి హక్కు ఉంది. అంటే ఏ దారి మంచిదన్నది ఎఫ్ఐఆర్‌లో ఎవరిది తప్పని రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ తేడా చెప్పకుండా దరఖాస్తు తీసుకుంటే క్లీనరు ఇరవై లక్షలకు పైగా పోగొట్టుకుంటాడు. మీరు ఎవరి తరఫునా న్యాయవాది కాదు, నిజమే. కానీ రెండు దారులున్నాయని, ఒకటే ఎంచుకోవాలని చెప్పి, అతను తెలిసే ఎంచుకున్నట్టు సంతకం తీసుకోవడం ఎవరి పక్షం వహించడమూ కాదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒకరిని వారానికో రోజు మీ ఆఫీసులో కూర్చోబెట్టమని అడగొచ్చు. మూడో దారి సివిల్ కోర్టు. ఫ్యాక్టరీ నిర్లక్ష్యం బలంగా రుజువయ్యే పెద్ద గాయాల్లో తప్ప దాని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. మీ దగ్గర దావా వేశాక మూడో సెక్షన్ ఐదో ఉపసెక్షన్ ప్రకారం ఆ తలుపు మూసుకుపోతుంది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోనూ, 2025 జూన్ 30న పాశమైలారంలోనూ పేలుళ్లు జరిగినప్పుడు అందరి దృష్టీ ఎక్స్‌గ్రేషియా అంకెల మీదే నిలిచింది. ఎక్స్‌గ్రేషియా ఈ చట్టం కింది పరిహారం కాదు. మరణం సంభవిస్తే దరఖాస్తు కోసం ఎదురుచూడక్కర్లేదు, 10ఏ సెక్షన్ కింద మీరే యజమానికి నోటీసు ఇవ్వొచ్చు. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కార్మికుల కుటుంబాలు తమ సొంత జిల్లాలోనే దావా వేసుకోవచ్చని 21వ సెక్షన్ చెబుతోంది. ఈ మాట మృతదేహం అప్పగించే రోజునే చెప్పాలి. ఊరు చేరాక వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

ఇక వడ్డీ. నెల రోజుల్లో చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ ఇవ్వాలని 4ఏ సెక్షన్ ఆదేశిస్తోంది. ఇందులో మీకు విచక్షణ లేదు. వడ్డీ ప్రమాద తేదీ నుంచి లెక్కగట్టాలని 1975 తీర్పు తర్వాత సుప్రీంకోర్టు 2012లో, 2014లో, 2022లో మళ్లీ మళ్లీ చెప్పింది. అయినా ‘ఉత్తర్వు అందిన ముప్పై రోజుల్లో జమ చేయకపోతే 12 శాతం వడ్డీ’ అన్న వాక్యం ఇంకా ఉత్తర్వుల్లో కనిపిస్తోంది. పై క్లీనరు లెక్కే తీసుకోండి. 9,35,910 మీద ఏడాదికి 1,12,309 రూపాయలు. కేసు నాలుగేళ్లు నడిస్తే 4,49,237. ఆ ఒక్క వాక్యం దాన్ని సున్నా చేస్తుంది. దాని కోసం కార్మికుడు హైదరాబాద్‌కో అమరావతికో వెళ్లి అప్పీలు వేసుకోవాలి.

జరిమానా వేరు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలు మొత్తంలో 50 శాతం దాకా వేయొచ్చు, అదీ కార్మికుడికే చెందుతుంది. కానీ యజమానికి కారణం చెప్పమని విడిగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు లేకుండా వేసిన జరిమానా హైకోర్టులో నిలవదు. నోటీసు ఇవ్వడం మరిచిపోయి జరిమానా వేయడం కంటే, ప్రధాన ఉత్తర్వు ఇచ్చి జరిమానా కోసం అదే ఫైల్లో తర్వాత నోటీసు ఇవ్వడం నయం.

ఎవరు ఏది కట్టాలన్నది పాలసీ చదివి రాయాలి. వాహనం పాలసీ అయితే అసలుతో పాటు వడ్డీ కూడా బీమా కంపెనీదే, జరిమానా మాత్రం యజమానిదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్యాక్టరీకో బిల్డరుకో ఇచ్చిన ఉద్యోగుల పరిహార పాలసీలో మాత్రం వడ్డీని మినహాయించే షరతు పెట్టుకోవచ్చని 2006లో అదే కోర్టు అంది. అలాంటప్పుడు వడ్డీ యజమాని మీద వేయాలి. ‘ఇద్దరు ప్రతివాదులూ కలిసి చెల్లించాలి’ అని ఒక్క గీతతో వదిలేస్తే కంపెనీ వడ్డీ మీద అప్పీలుకు వెళ్తుంది, అసలు కూడా ఆ అప్పీలుతో పాటు ఆగుతుంది. పాలసీ షరతుల కాగితం మొత్తం దాఖలు చేయమని కంపెనీని మొదటి వాయిదాలోనే అడగండి. కవర్ నోటు ఒక్కటే ఇస్తే ఒప్పుకోవద్దు.

జీతానికి రుజువు లేనప్పుడు ఆ పనికి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం జీవో నంబరుతో సహా ఉత్తర్వులో రాయండి. ‘కూలీ కాబట్టి నెలకు 6,000’ అన్న ఊహ మీకు తగదు. పరిమితి ఏదన్నది ప్రమాద తేదీని బట్టే: 2010 మే 31 నుంచి 8,000, 2020 జనవరి 3 నుంచి 15,000. తర్వాత పెరిగిన పరిమితిని పాత ప్రమాదానికి వర్తింపజేస్తే అప్పీలులో పోతుంది. 2020లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది.

కాంట్రాక్టు కార్మికుల కేసుల్లో అసలు యజమానిని మొదటి రోజే ప్రతివాదిగా చేర్పించండి. 12వ సెక్షన్ ప్రకారం పని తన వ్యాపారంలో భాగమై, ప్రమాదం తన అదుపులో ఉన్న చోట జరిగితే కట్టాల్సింది అతనే. కాంట్రాక్టరు దగ్గర తర్వాత వసూలు చేసుకుంటాడు. కరెంటు స్తంభమెక్కి కిందపడిన కాంట్రాక్టు కార్మికుడి కేసులో కాంట్రాక్టరు పేరు మాత్రమే ఉంటే, రెండేళ్ల తర్వాత ఆ కాంట్రాక్టరు చిరునామాలో ఎవరూ ఉండరు. ప్రతివాది జీఎస్టీ నంబరు, ఫ్యాక్టరీ లైసెన్సు నంబరు, బ్యాంకు ఖాతా, వాహనం ఆర్సీ దరఖాస్తులోనే రాయించాలి. 31వ సెక్షన్ కింద భూమిశిస్తు బకాయిలా వసూలుకు కలెక్టరుకు పంపే సర్టిఫికెట్టులో ఇవి లేకపోతే తహసీల్దారు ‘ఆస్తులు కనుగొనబడలేదు’ అని రాసి వెనక్కి పంపుతాడు. తప్పు తహసీల్దారుది కాదు.

రాజీల గురించి గట్టిగా చెప్పాలి. ఆస్పత్రి మంచం మీద, పెద్దమనుషుల ముందు, యాభై వేలకో లక్షకో స్టాంపు కాగితం మీద సంతకం తీసుకోవడం ఇంకా జరుగుతూనే ఉంది. హక్కు వదులుకునే ఒప్పందం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మీ దగ్గర రిజిస్టరు కాని ఒప్పందం యజమానిని కాపాడదు. మరణించిన కేసులో మూడు నెలల జీతం దాకా ఇచ్చే అడ్వాన్సు తప్ప, కుటుంబానికి నేరుగా ఇచ్చిన డబ్బు పరిహారం కిందకే రాదు. మీ దగ్గర జమ చేయాలి. ఒప్పందం రిజిస్ట్రేషన్‌కు వచ్చినప్పుడు నాలుగో సెక్షన్ ప్రకారం ఎంత రావాలో లెక్క పక్కనే రాసి, తేడా ఎంతో కార్మికుడికి అర్థమయ్యేలా చెప్పండి. మొత్తం చాలదనుకుంటే రిజిస్టరు చేయనని చెప్పే అధికారం 28వ సెక్షన్ ఇచ్చింది. లోక్ అదాలత్‌లో ‘వడ్డీ వదిలేస్తే ఈ రోజే చెక్కు’ అనే బేరానికి కార్మికుడు లొంగేది అతనికి అప్పులున్నాయి కాబట్టి. కేసు మూడు నెలల్లో ముగించాలని 25ఏ సెక్షన్ అంటోంది. అలా ముగిసిన చోట ఆ బేరమే పుట్టదు. ఆలస్యానికి పెద్ద కారణం డాక్టర్లు రాకపోవడం. ప్రభుత్వ డాక్టరు వాంగ్మూలం వీడియోలో తీసుకోండి, లేదా ఆస్పత్రికే వెళ్లి ఒక మధ్యాహ్నం నాలుగైదు కేసులకు కలిపి తీసుకోండి.

2025 జూలై 29న సుప్రీంకోర్టు ఇంటికీ పనికీ మధ్య ప్రయాణంలో జరిగే ప్రమాదాలను కూడా, పనితో సంబంధం ఉంటే, ఈ చట్టం కిందకు తెచ్చింది. చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి కాపలాకు వెళ్తూ దారిలో చనిపోయిన వాచ్‌మన్ కేసు అది. ఆ దావాను కమిషనర్ ఒప్పుకుంటే బొంబాయి హైకోర్టు కొట్టేసింది; సుప్రీంకోర్టు కమిషనర్ ఉత్తర్వునే నిలబెట్టింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ వచ్చింది. ఈ ప్రయాణం సంగతి దాని 74వ సెక్షన్‌లోనే ఉంది. పాత చట్టం కింద జరిగిన ప్రమాదాల కేసులు మాత్రం ఇంకా ఏళ్ల తరబడి మీ ముందుంటాయి. పాత సెక్షను కింద దరఖాస్తు పెట్టారనో, కొత్త సెక్షను రాశారనో ఎవరి కేసూ తిప్పి పంపకండి. ప్రమాద తేదీ చూసి సరైన సెక్షను మీరే రాసుకోవచ్చు.

చివరిగా జమ అయిన డబ్బు సంగతి. అప్పీలు చేసే యజమాని మొత్తం మీ దగ్గర జమ చేసి, ఆ ధ్రువపత్రంతోనే హైకోర్టుకు వెళ్లాలి. అప్పీలు తేలేదాకా ఆ డబ్బును ఆపి ఉంచే అధికారం ఒకప్పుడు 30ఏ సెక్షన్ కింద మీకుండేది. 2017 సవరణ ఆ సెక్షనునే తీసేసింది. అయినా ‘అప్పీలు వేశామని మెమో ఇచ్చారు’ అన్న కారణంతో డబ్బు మీ ఖాతాలో ఉండిపోతోంది. హైకోర్టు స్టే కాగితం చూపించకపోతే ఆ మొత్తం కార్మికుడి బ్యాంకు ఖాతాకు వెళ్లాలి. మీ ఆఫీసులో ఇప్పుడున్న జమ రిజిస్టరు తెరిపించి, ఒక్కో పేరు ఎదురుగా స్టే నంబరు ఉందో లేదో ఈ నెలలోనే చూడమని కోరుతున్నాం. స్టే లేని ప్రతి పేరుకూ ఒక ఉత్తరం పంపండి. జమ అయిన మొత్తం, వడ్డీ లెక్క, డబ్బు తీసుకోవడానికి తేవాల్సిన కాగితాలు అందులో తెలుగులో ఉండాలి.

ఇట్లు,
రెండు రాష్ట్రాల్లో నష్టపరిహార కేసులు నడుపుతున్న కొందరు న్యాయవాదులు, కార్మిక సంఘాల కార్యకర్తలు